కంట్లోకి సూదేనా డాక్టరుగారూ?

ప్రశ్న: అంబాజీపేట దగ్గర కొబ్బరి తోట చేస్తున్నాను. వయసు 61. నాలుగు నెలలుగా రక్తపోటు మాత్రలు మానేశాను. మొన్న దింపు కాయలు లెక్కపెడుతుంటే కుడి కంటికి రాశి మధ్యలో మసక మరక కనిపించింది, చెట్టు మొదలు వంకరపోయింది. నొప్పి లేదు. రెటీనా (కంటి వెనుక పొర) సిర మూసుకుపోయి మాక్యులా (ఆ పొర నడిమి భాగం) వాచిందని, కంట్లోకి ఇంజెక్షన్లు వేయాలని అన్నారు. చుక్కల మందుతో తగ్గదా?

జవాబు: తగ్గదండీ. బోదెకు గుర్రపుడెక్క అడ్డుపడితే నీరు గట్టు దాటి పక్క చేలోకి ఊరుతుంది కదా, మీ కంట్లో జరిగిందీ అదే. సిర మూసుకుపోయాక వీఈజీఎఫ్ అనే ప్రోటీన్ పెరుగుతుంది. దాంతో రక్తనాళాల నుంచి ద్రవం కారి మాక్యులాలో చేరుతుంది. రానిబిజుమాబ్, అఫ్లిబెర్సెప్ట్, బెవాసిజుమాబ్ అనే ఇంజెక్షన్ మందులు ఆ ప్రోటీన్‌ను అడ్డుకుంటాయి. మొదట్లో నెలకొకటి వేస్తాం. తర్వాత రెటీనా పొరల్ని చూపే ఓసీటీ స్కాన్‌లో వాపును బట్టి వ్యవధి పెంచుతాం. ఒక్కదానితో సరిపోవడం అరుదు.

సూది నల్లగుడ్డులో కాదు, దాని అంచుకు 4 మిల్లీమీటర్ల దూరాన తెల్లగుడ్డులో దిగుతుంది. ముందే చుక్కలతో మొద్దుబారుస్తాం. నా దగ్గరికి వచ్చేవాళ్లు సూది కంటే రెప్పలు తెరిచి ఉంచే క్లిప్పునే ఎక్కువ తిట్టుకుంటారు!

డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ ఇంప్లాంట్ (కంట్లో పెట్టే చిన్న మందు కడ్డీ) కొన్ని నెలలు పనిచేస్తుంది గానీ కంటి ఒత్తిడిని, శుక్లాన్ని పెంచవచ్చు.

ఇంజెక్షన్ తర్వాత నొప్పి, ఎరుపు పెరిగినా, చూపు తగ్గినా అదే రోజు రండి. ప్రభల తీర్థం చూసుకుని వస్తాననకండి. రక్తపోటు మాత్రల కోసం రేపే మీ వైద్యుణ్ని కలవండి. షుగరు కూడా చూపించుకోండి.