సిగరెట్ మానేశాక ఈ కోపం, నిద్ర పట్టకపోవడం ఎన్నాళ్లుంటాయి?

సిగరెట్ మానేసి మూడు రోజులైంది, ఇంట్లో అందరి మీదా అరుస్తున్నాను, రాత్రిళ్లు నిద్ర లేదు, ఎప్పటికి తగ్గుతుంది అని అడిగారు కదా. బ్రదర్, మీరిప్పుడు అన్నిటికన్నా గడ్డు రోజుల్లో ఉన్నారు. రెండో రోజు, మూడో రోజు చాలామందికి ఇలాగే ఉంటుంది, ఆ తర్వాత మెల్లగా దిగుతూ రెండు నుంచి నాలుగు వారాల్లో సర్దుకుంటుంది. నాకైతే కోపం ముందు తగ్గింది, నిద్ర మాత్రం బాగా సతాయించింది.

నిద్ర కోసం ముందు మీ టీ లెక్క చూసుకోండి. సిగరెట్ పొగ వల్ల లివర్ కెఫీన్‌ని త్వరత్వరగా కరిగించేస్తుంటుంది, పొగ ఆగిపోయేసరికి రోజూ తాగే అదే టీ ఒంట్లో ఎక్కువసేపు ఉండిపోతుంది, దాంతో దడ, చేతుల వణుకు, అర్ధరాత్రి దాకా కళ్లు మూతపడకపోవడం, అంతా నికోటిన్ అందకపోవడం వల్లేనని మనం అనుకుంటాం. నేను టీలు సగానికి తగ్గించి సాయంత్రం టీ పూర్తిగా ఆపేశాకే కాస్త నిద్ర పట్టింది. (వేప్, అంటే ఈ-సిగరెట్, మానేసినవాళ్లకి ఈ టీ గొడవ ఉండదు, ఇది పొగ చేసే పని.) పైగా టీ కొట్టంటే పక్కనే లూజు సిగరెట్లు, తాడుకి వేలాడే లైటర్, అక్కడ నిలబడి ఉత్త టీ తాగి వచ్చేస్తానంటే నేను నమ్మను.

సిగరెట్ మానడానికి నమిలే నికోటిన్ గమ్ వాడుతుంటే బబుల్ గమ్‌లా నమిలేయకండి, ఎక్కిళ్లు, వికారం వస్తాయి. నెమ్మదిగా కొద్దిసార్లు నమిలి, నోట్లో చురుక్కుమనగానే బుగ్గన పెట్టి వదిలేయాలి, ఆ చురుకు తగ్గాక మళ్లీ నమలాలి. వేసుకునే ముందు పావుగంట పాటు టీ, కాఫీ, కూల్‌డ్రింక్ ఏదీ వద్దు, తాగితే నికోటిన్ సరిగ్గా ఒంటికి పట్టదు. లేచిన అరగంటలోపే మొదటి సిగరెట్ వెలిగించే అలవాటున్నవాళ్లకి 2 ఎంజీ గమ్ చాలకపోవచ్చు, 4 ఎంజీ గురించి డాక్టర్‌ని అడగండి. గుండె జబ్బు ఉంటే మొదలుపెట్టే ముందే అడగాలి.

ఎవరూ పైకి చెప్పని ఇంకో బాధ, పొద్దున్నే దమ్ము లేకపోతే కడుపు కదలదు. నీళ్లు బాగా తాగి, రాత్రి ఇసబ్‌గోల్ వేసుకుంటే అదీ దారిలో పడుతుంది. అన్నం తిన్నాక మనసు లాగితే వెంటనే లేచి అటూ ఇటూ నడవండి, సోంపు నమలండి, ఆ లాగుడు కొద్ది నిమిషాలే. ఇంట్లోవాళ్లకి కూడా సంగతి ముందే చెప్పేయండి, సగం గొడవలు అక్కడే ఆగుతాయి.

మరీ దిగులుగా ఉండి అది తగ్గకపోతే డాక్టర్‌కి చూపించుకోండి. సిగరెట్ ప్యాకెట్ మీద ఉండే 1800-11-2356 నంబర్‌కి ఫోన్ చేస్తే కౌన్సెలర్లు మాట్లాడతారు, డబ్బులేం పడవు.