శుభలేఖ మీద తల్లి పేరు ఉండకూడదా?

ప్రశ్న: మాది రాజోలు దగ్గర పల్లెటూరు. మావారు పోయి మూడేళ్లయింది. కుట్టుపని చేసుకుంటూ, కొబ్బరితోట మీద వచ్చే కౌలు డబ్బులతో అమ్మాయిని చదివించాను. శ్రావణ మాసం మొదట్లో దాని పెళ్లి. శుభలేఖ తన పేరు మీదే వేయాలనీ, భర్త లేని ఆడది పిలిస్తే శుభం కాదనీ మా బావగారు అంటున్నారు. అమ్మ పేరు లేని కార్డు తనకు వద్దని అమ్మాయి పట్టుబట్టింది. నరసాపురంలో ఉన్న మా పెద్దాడపడుచుకూ మాకూ మావారి దినాలప్పటి నుంచి మాటల్లేవు. ఆవిడకు వాట్సాప్‌లో కార్డు పంపితే చాలంటోంది అమ్మాయి. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, పిలిచే హక్కు ఎవరిది, పెళ్లిలో పెద్దరికం ఎవరిది అన్న రెండు సంగతులు మీ ఇంట్లో ఒకటిగా కలిసిపోయాయి. మీ బావగారు కోరుతున్నది రెండోదేనని నాకు అనిపిస్తోంది. తమ్ముడు లేని పెళ్లిలో తాను ముందు నిలబడాలన్న ఆరాటం కొంత, తన మాట చెల్లలేదని ఊరు అనుకుంటుందేమోనన్న జంకు కొంత ఆయన మాటల వెనుక ఉండవచ్చు. ఆ పెద్దరికాన్ని ఆయనకు నిండుగా ఇచ్చి, పిలుపు మాత్రం మీ చేతిలోనే ఉంచుకోండి.

శుభలేఖలో ఇందుకు వీలుంది. ‘కీర్తిశేషులు’ అని మీవారి పేరు వేసి, ‘వారి ధర్మపత్ని’ అని మీ పేరుతో ఆహ్వానం మొదలుపెట్టి, ‘నా కుమార్తె చి.ల.సౌ.’ అని అమ్మాయి పేరు రాయించండి. దాని కింద ‘కన్యాదాతలు’ అని మీ బావగారి పేరు, తోటికోడలి పేరు విడిగా, కొట్టొచ్చినట్టు కనిపించేలా వేయించండి. పీటల మీద దంపతులు కూర్చుని కన్యాదానం చేయడం మన ఆచారం కనుక ఆ స్థానం వారిదేనని అందరికీ తెలుస్తుంది. అయితే ఈ సంగతి కబురు చేసి ఊరుకోకుండా, మీవారి తరఫు పెద్దలలో ఆయన మాట కాదనలేని ఒకరిని వెంటబెట్టుకుని మీరే వారింటికి వెళ్లండి. “పీటల మీద మీరూ అక్కా కూర్చోవాలి బావగారూ” అని ముందు అడిగి, ఆయన సరేనన్న తర్వాతే కార్డు ప్రస్తావన తీసుకురండి. ముందే పేరు గొడవ ఎత్తితే మీ అభ్యర్థన కాస్తా తగవుగా మారుతుంది. ఆయన ఎంతకీ ఒప్పుకోకపోతే పీటల మీదికి మీ పుట్టింటి దంపతులను పిలుచుకోవచ్చు గాని, మీ పేరు మాత్రం తీయించకండి.

శుభాశుభాల మాటకొస్తే, సప్తపదితో జరిగే పెళ్లి ఏడో అడుగుతో పూర్తవుతుందని 1955 నాటి హిందూ వివాహ చట్టం చెబుతోంది. ఎవరు పిలిచారన్నది దానికి పట్టదు. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో వీరేశలింగం గారు వితంతు వివాహం జరిపించిన గోదావరి సీమలో, కన్నకూతురి పెళ్లికి తల్లి పిలవవచ్చునా అని ఇప్పటికీ అడగవలసి రావడం నాకు కష్టంగానే ఉంది. అలాగని ఈ నెల రోజుల్లోనే ఊరందరితో తేల్చుకోమని నేననను. పిలుపులకు తోటికోడలిని తోడు తీసుకువెళ్లి, పట్టింపు ఉన్న ఇళ్లలో బొట్టు ఆవిడ చేత పెట్టించండి. “మా అమ్మాయి పెళ్లి, మీరంతా రావాలి” అన్న మాట మాత్రం ప్రతి గుమ్మంలోనూ మీ నోటి నుంచే రావాలి.

ఇక మీ ఆడపడుచు సంగతి. అమ్మాయి స్నేహితులకు వాట్సాప్ సరిపోతుంది గాని, మాటల్లేని మేనత్తకు ఫోనులో కార్డు పంపితే పిలవకపోవడం కంటే ఎక్కువ తప్పు పడుతుంది. దేవుడి దగ్గర పెట్టిన తర్వాత మొదటి కార్డు ఆవిడకే ఇవ్వండి. ఆషాఢంలో పిలుపులు వద్దనేవారున్నారు గాని, శ్రావణం మొదట్లో ముహూర్తం పెట్టుకుని ఆ నియమం పాటిస్తే మీకు వారం రోజులు కూడా మిగలవు. పైగా గోదావరికి వరద వస్తే సఖినేటిపల్లి రేవులో పంటు ఆపేస్తారు. చించినాడ వంతెన మీదుగా పాలకొల్లు చుట్టి వెళ్లవలసి వస్తుంది. కనుక నరసాపురం పిలుపు ముందే ముగించుకోండి. అమ్మాయిని వెంట తీసుకువెళ్లండి. “వదినా, మీ తమ్ముడుంటే మొదటి కార్డు మీకే ఇచ్చేవారు, అందుకే ముందు మీ ఇంటికి వచ్చాం” అనండి. ఆవిడ పాత సంగతులు తవ్వినా ఆ పూటకు బదులు చెప్పకండి, ఇచ్చిన కాఫీ తాగి రండి. ఆవిడ పెళ్లికి రాకపోయినా మీ వైపు లోటు ఉండదు.

ఒక్క చిన్న విషయం. మీ ముహూర్తం అర్ధరాత్రి దాటాక ఉంటే వారం, తేదీ దగ్గర జాగ్రత్త పడండి. మన పంచాంగంలో సూర్యోదయం దాకా ముందు రోజే లెక్క కనుక ‘ఆదివారం రాత్రి 2-35 ని.లకు (తెల్లవారితే సోమవారం)’ అన్నట్టుగా వేయించాలి. లేకపోతే చుట్టాలు ఒక రోజు ఆలస్యంగా దిగుతారు. అచ్చుకు ఇచ్చే ముందు ప్రూఫు మీ బావగారికి చూపించి, ఇంటిపేర్లూ వరుసలూ ఆయన చేతనే సరిచూపించండి.