బూజు పట్టిన పల్లి చెక్కను ఎండబెట్టి చేపలకు వేయొచ్చా?

మిర్యాలగూడ మిల్లుల తవుడు, వనపర్తి వైపు పల్లి చెక్క కలిపి మేత వేసేవాళ్లకు వానాకాలంలో వచ్చే సందేహమే ఇది. వేయొద్దు. ఎండకు తేమ పోతుంది, బూజూ రాలిపోవచ్చు. కానీ అది వదిలిన అఫ్లాటాక్సిన్ విషం చెక్కలోనే ఉంటుంది, ఉడకబెట్టినా పోదు. 1960లో ఇంగ్లండ్‌లో దాదాపు లక్ష టర్కీ కోళ్లు చచ్చింది ఇలాంటి పల్లి చెక్క తినే.

దెబ్బ ముందుగా కాలేయానికి. మేతలో విషం కొద్దికొద్దిగా ఉంటే చేప వెంటనే చావదు, అదే చిక్కు. మేత తింటుంది, బరువు పెరగదు. మొప్పలు పాలిపోతాయి. రోగాన్ని తట్టుకునే శక్తి తగ్గి, మామూలు పుండ్ల జబ్బుకే పోతుంది. మనమేమో నీళ్లలో లోపమనుకుని మందులు కొంటాం! ఒక చేపను కోసి చూడండి: ఎర్రగా, గోధుమ రంగులో ఉండాల్సిన కాలేయం పసుపుగా పాలిపోతే మేతను అనుమానించాలి. వేరే కారణాలూ ఉంటాయి కాబట్టి ఖాయం చేయాల్సింది మాత్రం ల్యాబ్ పరీక్షే. మన రవ్వ, బొచ్చె చేపలు చల్లటి నీళ్లలో పెరిగే ట్రౌట్ చేప అంత సున్నితం కావు, అలాగని వాటికేం కాదనుకోవద్దు.

బస్తాలను నేలకూ గోడకూ ఆనకుండా కట్టె పలకల మీద పెట్టండి. ముద్ద కట్టినా, ముక్కవాసన వచ్చినా పారేయండి. పోనీ బర్రెకు పెడదామంటే, ఆ విషం పాలలోకీ వస్తుంది.