పాఠకుల ప్రశ్నలు: ఈ-స్పోర్ట్స్‌పై డాక్యుమెంటరీ తీయాలనుకునే వారికి

ఈ శీర్షికకు ఇటీవల అందిన ఉత్తరాలలో చాలావరకు ఒకే విషయం చుట్టూ తిరుగుతున్నాయి. పోటీలలో వీడియో గేములు ఆడడాన్ని వృత్తిగా ఎంచుకున్న యువకుల మీద డాక్యుమెంటరీ తీయాలని మన నగరంలో పలువురు ప్రయత్నిస్తున్నారు. అందువల్ల ఈసారి మిగతా ప్రశ్నలను పక్కన పెట్టి వాటికే జవాబులిస్తున్నాను.

*మా కాలేజీలో నలుగురు స్నేహితులు జట్టుగా బీజీఎంఐ (ఫోన్‌లో ఆడే బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా) టోర్నమెంట్లు ఆడుతున్నారు. వారి మీద అరగంట డాక్యుమెంటరీ తీస్తున్నాను. రఫ్ కట్ మా ఇంట్లో చూపిస్తే, "బొమ్మలు పరుగెత్తుతున్నాయి, కాల్చుకుంటున్నాయి, ఎవరు ఎవరో తెలియలేదు" అన్నారు. ఆట తెలియని వారికి ఎలా అర్థం చేయించాలి? ప్రైజ్‌మనీ గురించి చెబితే ఆసక్తి పెరుగుతుందా?*
— డిగ్రీ విద్యార్థి, దిల్‌సుఖ్‌నగర్

మీ ఇంట్లో వారు చెప్పింది నూటికి నూరుపాళ్ళు సరైన విమర్శ. బీజీఎంఐ టోర్నమెంటులో ఒక మ్యాచ్‌కు సాధారణంగా 16 జట్లు, జట్టుకు నలుగురు చొప్పున 64 మంది ఒకే మైదానంలోకి దిగుతారు. చివరిదాకా మిగిలినందుకు కొన్ని పాయింట్లు, ప్రత్యర్థులను పడగొట్టినందుకు కొన్ని పాయింట్లు ఇచ్చి, అనేక మ్యాచ్‌ల మొత్తం చూసి విజేతను తేలుస్తారు. ఇదంతా గ్రాఫిక్స్‌తో, వ్యాఖ్యానంతో వివరించబోతే మీ అరగంటలో సగం పాఠానికే పోతుంది, అప్పటికి చూసేవారి ఓపిక కూడా అయిపోతుంది.

ఆటను మొత్తంగా నేర్పే ప్రయత్నం మానుకొని, ఒకే ఒక్క మ్యాచ్‌ను ఎంచుకోండి. దానికి ముందు జట్టు కూర్చొని ప్లాన్ వేసుకునే దృశ్యాన్ని తొందరపడకుండా తీయండి. ఐజీఎల్‌గా, అంటే ఆటలో జట్టును నడిపించే నాయకుడిగా ఉన్న కుర్రవాడు ఆటలోని ఎరాంగెల్ మ్యాప్‌ను ముందు పెట్టుకొని, "మనం ఇక్కడ దిగుదాం, జోన్ ఇటు వస్తే ఈ కొండ ఎక్కుదాం, అటు పోతే బండి తీసుకొని వంతెన దాటుదాం" అని వేలితో గీసి చూపిస్తాడు కదా (జోన్ అంటే ఆట సాగేకొద్దీ కుంచించుకుపోయే సురక్షిత ప్రాంతం), ఆ వేలిని వదలకుండా చూపండి. అప్పుడు ప్రేక్షకుడికి నియమాలన్నీ తెలియకపోయినా వీళ్ళు ఏం కోరుకుంటున్నారో తెలుస్తుంది. తర్వాత మ్యాచ్‌లో జోన్ వాళ్ళు అనుకోని వైపు పడినప్పుడు, ఆ ఆట పేరు కూడా వినని వారికి సైతం గుండె జారుతుంది.

ఇక రెండో విషయం, నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది, వారి గొంతులు. ఆడేటప్పుడు నలుగురూ హెడ్‌సెట్లలో మాట్లాడుకునే మాటలను విడిగా రికార్డు చేయండి. మొదట్లో ఒకరి మీద ఒకరు పడి మాట్లాడతారు. పోరు దగ్గరపడుతున్న కొద్దీ మాటలు పొట్టివవుతాయి, "ఎడమ కాంపౌండ్‌లో ఇద్దరు", "స్మోక్ వెయ్", "ఆగు, ఆగు" అన్నంత వరకు వస్తాయి. ఇద్దరు అవుటయ్యాక మిగిలిన ఇద్దరికి అడ్డు రాకూడదని వారు నోరు మూసుకుంటారు. భయం, నమ్మకం, కోపం, ఒకరినొకరు కాపాడుకోవడం అంతా ఆ మాటల్లోనే వినబడుతుంది. ఆ సమయంలో తెరను చూపకుండా చేతులను చూపినా సరిపోతుంది. రెండు బొటనవేళ్ళు, రెండు చూపుడువేళ్ళు పీత గోళ్ళలా వంగి ఫోన్ అంచుల మీద కదలడం, చెమటకు జారకుండా వేళ్ళకు వేసుకున్న తొడుగులు, ఫోన్ వెనుక బిగించిన చిన్న కూలింగ్ ఫ్యాన్ సన్నగా మోగడం, ఇవన్నీ ఏ గేమ్‌ప్లే దృశ్యానికీ తీసిపోవు.

ప్రైజ్‌మనీ మాటకొస్తే, డోటా 2 ఆటకు ప్రపంచస్థాయి పోటీ అయిన ది ఇంటర్నేషనల్‌లో 2021లో మొత్తం బహుమతి 4 కోట్ల డాలర్లు దాటిన మాట నిజమే. అయితే ఆ అంకె మీ నలుగురి జీవితం గురించి ఏమీ చెప్పదు. వారి కథ వేరే చోట ఉంది. పబ్‌జీ మొబైల్‌ను 2020 సెప్టెంబరులో కేంద్ర ప్రభుత్వం నిషేధించింది. 2021 జూలైలో అదే ఆట బీజీఎంఐ పేరుతో వచ్చింది. 2022 జూలైలో అది యాప్ స్టోర్ల నుంచి మాయమై, 2023 మేలో తిరిగి వచ్చింది. ఓ క్రికెటర్ ఫామ్ కోల్పోవచ్చు, జట్టులో చోటు కోల్పోవచ్చు, కానీ రాత్రికి రాత్రి క్రికెట్టే లేకుండా పోవడం అతనికి అనుభవంలో లేని విషయం. ఆట రెండోసారి మాయమైన ఆ పది నెలలు మీ స్నేహితులు, లేదా వారికి ఆట నేర్పిన సీనియర్లు ఏం చేశారు? ఎవరు వేరే ఆటకు మారారు, ఎవరు చదువుకు తిరిగి వెళ్ళారు, ఎవరు ఏమీ చేయలేక కూర్చున్నారు? వారి ఫోన్లలో ఆనాటి వీడియోలు, స్క్రీన్ రికార్డింగులు ఉంటాయి, అడిగి తీసుకోండి. మీ చిత్రానికి వెన్నెముక అక్కడే దొరుకుతుందని నా నమ్మకం.

*మానిటర్‌ను షూట్ చేస్తే నల్లని పట్టీలు పైనుంచి కిందికి పాకుతున్నాయి. గేమింగ్ కేఫ్‌లో లైట్లు కూడా మిణుకుమంటున్నాయి. ఏ సెట్టింగులు వాడాలి?*
— కెమెరామన్, కూకట్‌పల్లి

కెమెరా సెకనుకు 25 ఫ్రేములు పడుతుంటే మానిటర్ 60 సార్లో, 144 సార్లో, 240 సార్లో బొమ్మను మారుస్తుంది, ఈ లెక్కలు ఒకదానితో ఒకటి కలవవు కాబట్టి పట్టీలు వస్తాయి. మన కరెంటు 50 హెర్ట్జ్ కావడంతో చవకరకం ఎల్ఈడీ దీపాలు సెకనుకు 100 సార్లు మిణుకుమనడం రెండో చిక్కు. గదిలో మనిషిని తీసేటప్పుడు షట్టర్ 1/50 ఉంచితే ప్రతి ఫ్రేములోనూ సరిగ్గా రెండు మిణుకులు ఇమిడిపోయి దీపాల బాధ తీరుతుంది. తెరను కూడా చూపక తప్పనప్పుడు మానిటర్ బ్రైట్‌నెస్ పూర్తిగా పెంచి చూడండి, చాలా మానిటర్లలో దానితోనే పట్టీలు తగ్గుతాయి. మీ కెమెరాలో షట్టర్‌ను కొద్దికొద్దిగా జరిపే సౌకర్యం ఉంటే దానితో మిగిలిన పని పూర్తవుతుంది. ఒక్క మాట మాత్రం గట్టిగా చెబుతున్నాను: పోటీలోనే కాదు, ప్రాక్టీసులో కూడా ఆటగాడి మానిటర్ రిఫ్రెష్ రేటును మీ సౌకర్యం కోసం మార్చమని అడగకండి. అది అతని పనిముట్టు, అతని చేతి వేగం దానికి అలవాటు పడి ఉంటుంది.

ఆట దృశ్యాల కోసం మాత్రం తెరను కెమెరాతో తీయడం మానండి. పీసీ గేమైతే క్యాప్చర్ కార్డు ద్వారా సిగ్నల్‌ను రెండో కంప్యూటర్‌లోకి పంపి ఓబీఎస్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌తో 60 ఫ్రేముల్లో రికార్డు చేయండి. ఆడే కంప్యూటర్‌లోనే రికార్డింగ్ పెడితే దాని మీద భారం పడి ఆట తడబడవచ్చు, ఏ ఆటగాడూ దానికి ఒప్పుకోడు, ఒప్పుకోకూడదు కూడా. గేమ్ 60లో ఉంటుంది కాబట్టి మీ కెమెరాను, ఎడిటింగ్ టైమ్‌లైన్‌ను 30లో పెట్టుకుంటే లెక్క సరిపోతుంది, 25లో పెడితే కదలికలో కుదుపు వస్తుంది. ఓబీఎస్‌లో ఆరు ఆడియో ట్రాకులు విడివిడిగా రికార్డు చేయవచ్చు. ఆట శబ్దం ఒకదానిలో, ఆటగాడి మైకు మరొకదానిలో, జట్టు సంభాషణ ఇంకొకదానిలో పెట్టుకోండి, ఎడిటింగులో ఆ మాటల విలువ మీకే తెలుస్తుంది.

కౌంటర్ స్ట్రైక్ 2, డోటా 2 ఆడే జట్ల మీద తీసేవారికి ఇంకో వెసులుబాటు ఉంది. మ్యాచ్ అయిపోయాక దాని రీప్లే ఫైలును ఆటలోనే తెరిచి, కెమెరాను మీకు నచ్చిన కోణంలో పెట్టి అదే ఘట్టాన్ని మళ్ళీ తీయవచ్చు. అయితే గేమ్ అప్‌డేట్ అయ్యాక పాత రీప్లేలు సరిగా తెరుచుకోకపోవచ్చు కనుక మ్యాచ్ అయిన వారంలోనే ఆ పని ముగించండి.

*గేమ్ దృశ్యాలు వాడడానికి ఎవరి అనుమతి కావాలి? జట్టు ఒప్పుకుంటే చాలదా?*
— షార్ట్ ఫిల్మ్ దర్శకురాలు, మణికొండ

చాలదు. ఆటగాడు ఆడిన ఆటే అయినా, తెర మీది బొమ్మలు, మ్యాప్, సంగీతం ఆ గేమ్‌ను ప్రచురించిన కంపెనీవి. టోర్నమెంటు ప్రసారంలోని కామెంటరీ, స్కోర్ పట్టికలు నిర్వాహకులవి. మాదాపూర్ హైటెక్స్‌లో జరిగిన డ్రీమ్‌హ్యాక్ వంటి ఉత్సవాల్లో మీరు సొంత కెమెరాతో తీసుకోవడానికి కూడా నిర్వాహకుల నుంచి మీడియా అనుమతి తీసుకోవడం మంచిది. కేఫ్‌లో వెనుక ఏదైనా సినిమా పాట మోగుతుంటే దాని హక్కు మళ్ళీ వేరొకరిది, అందుకే షూటింగ్ మొదలుపెట్టే ముందు ఆ స్పీకర్ ఆపించండి.

వాల్వ్, రయట్ వంటి కంపెనీలు తమ ఆటల దృశ్యాలతో అభిమానులు వాణిజ్యేతర వీడియోలు చేసుకోవడానికి అనుమతించే విధానాలను ప్రకటించాయి. మీ చిత్రాన్ని ఓటీటీకి అమ్మే ఆలోచన ఉంటే ఆ అనుమతి మీద ఆధారపడకుండా కంపెనీకి నేరుగా రాయండి. ఏ ఘట్టాలు, ఎన్ని నిమిషాలు, ఏ ప్రయోజనం కోసం వాడుతున్నారో స్పష్టంగా చెప్పండి. 1957 నాటి కాపీరైట్ చట్టంలోని 52వ సెక్షన్ విమర్శ, సమీక్ష, వర్తమాన వార్తల కోసం కొంత వాడుకను అనుమతిస్తుంది గానీ, ఏది న్యాయమైన వాడుక అన్నది చివరికి కోర్టు తేల్చే విషయం. దాని మీద చిత్రమంతా నిలబెట్టడం కత్తి మీద సామే. నోటిమాటగా ఇచ్చిన అనుమతి నీటిమూట, ఏదైనా రాతపూర్వకంగానే ఉండాలి.

2011లో జర్మనీలోని కొలోన్‌లో జరిగిన తొలి ఇంటర్నేషనల్‌లో ఆడిన ముగ్గురు డోటా 2 ఆటగాళ్ళ మీద, ఆ ఆటను తయారుచేసిన వాల్వ్ కంపెనీ 2014లో 'ఫ్రీ టు ప్లే' అనే డాక్యుమెంటరీ విడుదల చేసింది. కుటుంబాలతో ఆ యువకుల సంబంధాలను శ్రద్ధగా చూపిన చిత్రమది. తమ సొంత ఆట కాబట్టి దాని దృశ్యాలకు వారు ఎవరినీ అనుమతి అడగవలసిన పని లేదు. మీకు ఆ సౌలభ్యం లేదు, కానీ ఆట యజమానిని ప్రశ్నించే స్వేచ్ఛ మీకు ఉంది. నేనైతే ఆ స్వేచ్ఛకే ఎక్కువ విలువ ఇస్తాను.

*మా అబ్బాయికి 17 ఏళ్ళు, ఇంటర్ రెండో సంవత్సరం. వాలొరాంట్ పోటీల్లో ఆడతాడు. ఎవరో వచ్చి డాక్యుమెంటరీ తీస్తామని, మా ఇంట్లోనే షూటింగ్ అని అంటున్నారు. ఇది బెట్టింగ్ ఆట కాదు కదా? ఒప్పుకోవచ్చా?*
— ఒక తల్లి, ఉప్పల్

అమ్మా, మీ సందేహం సహజమే. బెట్టింగ్ యాప్‌ల వల్ల నష్టపోయిన కుటుంబాల వార్తలు మన నగరంలో తరచూ చూస్తున్నాం. కానీ బెట్టింగ్ వేరు, మీ అబ్బాయి ఆడే ఈ-స్పోర్ట్స్ వేరు. పందెం కాసి ఆడే ఆన్‌లైన్ ఆటలను తెలంగాణ 2017లోనే చట్టం సవరించి నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం డబ్బు పందెం ఆటలను, వాటి ప్రకటనలను దేశమంతటా నిషేధిస్తూ, నైపుణ్యంతో పోటీపడే ఈ-స్పోర్ట్స్‌ను వాటి నుంచి వేరుగా గుర్తించింది. 2022 డిసెంబరులోనే కేంద్రం ఈ-స్పోర్ట్స్‌ను క్రీడల శాఖ పరిధిలో చేర్చింది. 2023లో జరిగిన హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో వీటికి పతకాలు కూడా ఇచ్చారు. కాబట్టి ఆట గురించి బెంగ వద్దు. అయితే ఆ చిత్రానికి డబ్బు పెడుతున్నది ఎవరో అడగండి, పందెం యాప్‌తో ఏ సంబంధం ఉన్నా వెంటనే కాదనండి.

మీ అబ్బాయికి 18 నిండలేదు కనుక అతని సంతకానికి చట్టపరంగా విలువ లేదు, ఒప్పంద పత్రం మీ పేరున, మీ సంతకంతో ఉండాలి. ఇంటి చిరునామా, కాలేజీ పేరు, హాల్ టికెట్ వంటివి తెర మీద కనబడకూడదని, విడుదలకు ముందు మీకు ఒకసారి చూపాలని, మీరు ఆపమన్నప్పుడు ఆ గదిలో కెమెరా ఆపాలని అందులో రాయించుకోండి. ఇంటర్ పరీక్షలు, ఎప్‌సెట్ ముగిసేదాకా షూటింగ్ వద్దని చెప్పే హక్కు కూడా మీకు ఉంది, నిజాయితీ ఉన్న దర్శకుడెవరూ దానికి నొచ్చుకోడు.

దర్శకులకు కూడా ఒక విన్నపం. ఇలాంటి తల్లులను అడ్డుగోడలుగా చిత్రించే అలవాటు మానండి. వంటింట్లో పని చేసుకుంటూ, పక్క గదిలో కొడుకు అరుపులు గెలుపువో ఓటమివో గొంతును బట్టి పసిగట్టగల మనిషి ఆమె. ఆట నియమం ఒక్కటీ తెలియకుండా ఆ ఆటను రోజూ వింటున్న ఆమెను కూర్చోబెట్టి ఓపికగా మాట్లాడించండి, మీ ప్రేక్షకుడు ఆమె పక్కనే కూర్చుంటాడు.

*మా జట్టు కుర్రాళ్ళు సగం తెలుగు, సగం హైదరాబాదీ హిందీ, మధ్యలో ఇంగ్లిషు మాట్లాడతారు. చక్కని తెలుగులో డబ్బింగ్ చెప్పించాలా?*
— ఎడిటర్, మెహిదీపట్నం

వద్దు. వారి గొంతులోని తొందరను ఏ డబ్బింగ్ కళాకారుడూ తేలేడు. సబ్‌టైటిల్స్ వేయండి. నలుగురూ ఒకేసారి మాట్లాడేటప్పుడు అన్ని మాటలూ రాయబోకుండా, ఆ క్షణాన నిర్ణయం తీసుకుంటున్న ఒక్కరి మాటే రాసి మిగతా ముగ్గురినీ చెవికి వదిలేయండి. ఎవరు మాట్లాడుతున్నారో తెలియడానికి ఒక్కో ఆటగాడికి ఒక్కో రంగు కేటాయించి, అదే రంగును మొదటి ఇంటర్వ్యూలో అతని పేరు కింద కూడా వాడండి. బూతులు దొర్లిన చోట సంఘటనకు అవి అవసరమైతే ఉంచండి, లేదంటే శబ్దాన్ని కత్తిరించండి. థియేటర్లో బహిరంగ ప్రదర్శనకు సెన్సార్ సర్టిఫికెట్ కావాలి, ఆ బోర్డు ప్రాంతీయ కార్యాలయం మన నగరంలోనే ఉంది, దరఖాస్తుకు ముందే ఆ సంగతి తేల్చుకుంటే మళ్ళీ ఎడిటింగ్ బల్ల దగ్గరికి రావలసిన పని ఉండదు.