ఈస్టర్ విందు మా ఇంట్లో... అలంకరణకు ఎంత పక్కన పెట్టాలి?

ప్రశ్న: 2027 ఈస్టర్ విందు మా ఇంట్లో పెట్టుకున్నాం. పాతికమంది దాకా వస్తారు. కిందటిసారి మా తోటికోడలు వాళ్ళింట్లో జరిగింది. డెకరేషన్ వాళ్ళను పిలిపించి గుమ్మం నుంచి హాలు దాకా బెలూన్లతో, పూలతో నింపేశారు. నాకూ ఇల్లు అలా కళకళలాడాలని ఉంది. కానీ క్రిస్మస్‌కి క్రెడిట్ కార్డు మీద పెట్టిన ఖర్చే ఇంకా తీరలేదు, నెలనెలా మినిమమ్ డ్యూ (బిల్లులో తప్పక కట్టాల్సిన కనీస మొత్తం) మాత్రం కడుతున్నాం. మావారేమో ఈసారి అలంకరణే వద్దంటున్నారు. కార్డు మీద ఇంకొంచెం వాడి తర్వాత సర్దుకోవచ్చా? ఇల్లు బాగా కనబడాలంటే ఎంత పెట్టాలి? — ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, ముందు కార్డు సంగతి చెప్తాను. దాన్ని మాత్రం ఈ పండక్కి బయటికి తీయకండి.

కార్డు మీద కొంటే నెల, నెలన్నర దాకా వడ్డీ పడదనే లెక్క మనందరి మనసులో ఉంటుంది. ఆ వెసులుబాటు బిల్లు మొత్తం కట్టేసేవాళ్ళకే. మీలాగా పాత బాకీ ఉండగా మినిమమ్ డ్యూ మాత్రమే కడుతూ వస్తే, చాలా కార్డుల్లో ఆ గడువు పోతుంది. కొత్తగా ఏం కొన్నా కొన్న రోజు నుంచే వడ్డీ మొదలు. అంటే మార్చిలో కొన్న పూలు వారానికే వాడిపోతాయి, వాటి మీద వడ్డీ మాత్రం పాత బాకీతో కలిసి నెలల తరబడి నడుస్తుంది. మినిమమ్ డ్యూలో అసలుకు జమయ్యేది చాలా తక్కువ. అందుకే నెలనెలా కడుతున్నా బాకీ తగ్గినట్టే అనిపించదు. మీవారు అలంకరణ వద్దంటున్నారంటే, ఆ బిల్లు ప్రతినెలా కళ్ళముందు కనబడుతోంది కాబట్టి అయ్యుంటుంది. ఆయన్ను పండగంటే ఇష్టం లేని మనిషి అనుకోకండి.

మరి డబ్బు ఎక్కడి నుంచి తేవాలి? ఇక్కడ ఒకసారి క్యాలెండర్ చూడాలి. ఈస్టర్‌కి స్థిరమైన తేదీ లేదు. మార్చి 21న గానీ ఆ తర్వాత గానీ వచ్చే పౌర్ణమి దాటాక మొదటి ఆదివారం అది. అందుకే మార్చి 22 నుంచి ఏప్రిల్ 25 లోపు ఎప్పుడైనా రావచ్చు. 2026లో ఏప్రిల్ 5న వచ్చింది, 2027లో మార్చి 28న వస్తుంది. నెల మొదటి వారంలో వచ్చిన పండగ వేరు, నెలాఖరులో వచ్చిన పండగ వేరు. ఒకటో తారీఖుకి జీతం అందే ఇల్లయితే మార్చి 28 నాటికి చేతిలో ఏమీ ఉండదు. కార్డు వైపు చెయ్యి పోయేది సరిగ్గా అప్పుడే. కాబట్టి ఈ డబ్బు మార్చి జీతంలోంచి కాదు, అంతకుముందు నుంచే వారం వారం రావాలి.

ఈస్టర్‌కి ముందొచ్చే ఉపవాస దినాలు మొదలయ్యే భస్మ బుధవారం ఫిబ్రవరి 10. అక్కడి నుంచి మట్టలాదివారం (ఈస్టర్‌కి ముందు ఆదివారం), అంటే మార్చి 21 దాకా ఆరు ఆదివారాలున్నాయి. ఒక కవరు తీసుకుని దాని మీద 'ఈస్టర్' అని రాయండి. ప్రతి ఆదివారం రాత్రి ఆ వారం ఇంటి ఖర్చులో మిగిలింది రెండు భాగాలు చేయండి. ఒక సగం మినిమమ్ డ్యూకి అదనంగా కార్డు బాకీకి కట్టేయండి. మిగతా సగం కవర్లోకి. కాగితం మీద లెక్క వేస్తే మొత్తం కార్డుకే పోవాలి, ఆ వడ్డీ అలాంటిది. అయినా నేను సగమే అంటున్నాను. నోరు కట్టుకుని ఒక పండగ గడిపిన ఇంట్లో, తర్వాతి పండక్కి ఆ లోటంతా ఒకేసారి తీర్చుకోవడం చాలాసార్లు చూశాను. చిన్న ఖర్చుతో సంతోషంగా గడిచిన పండగ మీ బాకీకి పెద్దగా హాని చేయదు.

మట్టలాదివారం రాత్రి కవరు విప్పండి. అందులో ఎంతుంటే అదే మీ బడ్జెట్. అందుకే మీరడిగిన 'ఎంత' అనేదానికి నేను అంకె చెప్పడం లేదు. ఎంత పెట్టాలో మీ కవరే చెప్తుంది, తోటికోడలి గారి హాలు కాదు.

ఇక ఇల్లు. కొనే ప్రతి వస్తువు దగ్గరా 'ఇది వచ్చే ఈస్టర్‌కి ఉంటుందా?' అని అడగండి. ఉండేవాటికి కవర్లో పెద్ద వాటా, ఒక్కరోజులో పోయేవాటికి చిన్న వాటా. కొంత ముట్టుకోకుండా ఆఖరి నిమిషం అవసరాలకు ఉంచండి. బెలూన్ల తోరణం మర్నాటికే వడలడం మొదలవుతుంది. పైగా డెకరేషన్ వాళ్ళకిచ్చే డబ్బులో సరుకుతో పాటు కూలీ, రవాణా, బిగించి విప్పే పని కూడా కలిసి ఉంటాయి. ఇంట్లోవాళ్ళే చేసుకుంటే ఆ వాటా అంతా మీకు మిగిలినట్టే.

కొనడానికి బయల్దేరే ముందు మీ క్రిస్మస్ సామాన్ల పెట్టె దింపండి. మీరు ఇంకా వడ్డీ కడుతున్న వస్తువులే అవి! చర్చిలో క్రిస్మస్‌కి, ఈస్టర్‌కి రెండింటికీ వాడే రంగు తెలుపే, దానితో పాటు బంగారు రంగు. కాబట్టి పెట్టెలోంచి ఎరుపు, ఆకుపచ్చ, శాంటా బొమ్మలు పక్కకు తీసేయండి. సీరియల్ లైట్లు, తెల్ల రిబ్బన్లు, బంగారు రంగు గోళాలు, గాజు సీసాలు ఉంచుకోండి. సగం పని అక్కడే అయిపోతుంది. బీరువాలో తెల్ల దుప్పటి ఉంటే బాగా ఇస్త్రీ చేసి బల్ల మీద పరవండి. మడత గీత కనబడకుండా ఇస్త్రీ చేస్తే అది దుప్పటి అని ఎవరికీ తట్టదు.

ఇల్లంతా అలంకరించాలని చూడకండి. పాతికమంది వచ్చిన ఇంట్లో గోడలు కనబడవు, మనుషులే కనబడతారు. వచ్చినవాళ్ళ చూపు ఆగేది గుమ్మం దగ్గర, భోజనాల బల్ల మీద, ఫొటోలు దిగే మూల. ఈ మూడు చోట్లే చాలు. డబ్బు కవర్లో తక్కువే పడితే గుమ్మం, బల్ల మాత్రం చూసుకోండి. ఫొటోల మూలకు కిటికీ పక్కన తెల్ల పరదా, దాని మీద సీరియల్ లైట్లు సరిపోతాయి. కుర్చీలు, పెద్ద గిన్నెలు, పూలకుండీలు మాత్రం కొనొద్దు, అద్దెకూ తేవద్దు. వచ్చేవాళ్ళనే అడగండి. తోటికోడలి గారి దగ్గర కిందటిసారివి ఏమైనా మిగిలి ఉంటే మొదట ఆవిణ్ణే అడగండి. ఇవ్వడానికి ఆవిడ సంతోషిస్తారనే నా నమ్మకం.

బల్ల మధ్యలో ఏం పెట్టాలన్నదానికి నా సమాధానం కోడిగుడ్లు. ఈస్టర్‌కి ఇంతకంటే చవకైనది, ఇంతకంటే అర్థం ఉన్నది నాకు తెలీదు. పెంకు పగిలి ప్రాణం బయటికి వచ్చినట్టు, యేసు సమాధి తెరుచుకుందని చెప్పే గుర్తు అది. డబ్బుల లెక్కలో కూడా దీనికో గొప్పతనం ఉంది. లోపలి సొన ఎలాగూ వంటకే పోతుంది కాబట్టి, అలంకరణ కోసం మీరు కొన్నది ఏమీ లేనట్టే.

మా ఇంట్లో చేసే పద్ధతి ఇది. వంటలో వాడిన ఉల్లిపాయల పొట్టు నెలరోజులుగా ఒక సంచిలో దాచుతాం. గిన్నెడు పొట్టును నీళ్ళలో అరగంట మరిగించి వడకడితే మట్టికుండ రంగు నీళ్ళు వస్తాయి. పసుపు మరిగిస్తే పసుపు రంగు, బీట్‌రూట్ ముక్కలు మరిగిస్తే లేత గులాబీ. ఎర్ర క్యాబేజీ మరిగిస్తే నీళ్ళు ఊదాగా ఉన్నా, గుడ్డు మీద పట్టేది నీలం. పిల్లలు ఆ గిన్నె చుట్టూ కాసేపు కదలరు. ప్రతి గ్లాసు నీళ్ళకు ఒక పెద్ద చెంచా వెనిగర్ కలపాలి. పెంకు కాల్షియం కార్బొనేట్ కదా, వెనిగర్‌లోని ఆమ్లం పైపొరను కొద్దిగా కరిగించి రంగు పట్టేలా చేస్తుంది. తెల్ల గుడ్లయితే రంగు బాగా తేలుతుంది. రంగునీళ్ళు పూర్తిగా చల్లారాక పచ్చి గుడ్లను అందులో ముంచి రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచండి. పొద్దున తీసి ఆరనివ్వండి.

ఆరాక సూదితో పైన సన్నని రంధ్రం, కింద కాస్త పెద్దది చేసి, సూదిని లోపల తిప్పి పచ్చసొన చిదపాలి. పై రంధ్రంలోంచి సూది లేని సిరంజితో గాలి కొడితే సొనంతా గిన్నెలోకి జారుతుంది. పచ్చి గుడ్డును నోటితో ఊదకండి, అది ఆరోగ్యానికి మంచిది కాదు. ఆ సొన అదే రోజు బాగా ఉడికించి తినేయాలి. పెంకును నీళ్ళతో కడిగి ఆరబెట్టి, దూదితో చుక్క నూనె రుద్దితే మెరుస్తుంది. రంగు వేసేముందే ఖాళీ చేస్తే గుడ్డు నీళ్ళలో తేలిపోయి ఒకవైపే రంగు పడుతుంది, అందుకే ఈ వరస. ఇలా చేసినవి అట్టపెట్టెలో దూది మధ్య దాచుకుంటే ఏళ్ళు ఉంటాయి. మా ఇంట్లో మొదటి ఏడాదివి ఇప్పటికీ నాలుగున్నాయి.

ఎండుకొమ్మ ఒకటి తెచ్చి గాజు సీసాలో నిలబెట్టి, ఈ గుడ్లను దారంతో వేలాడదీయండి. జర్మనీలో ఈస్టర్‌కి ఇలాంటి చెట్లు కట్టడం పాత అలవాటు. బల్ల మధ్యలో అదొక్కటి నిలబడితే చుట్టూ ఇంకేమీ అక్కర్లేదు.

పూలు కొనాలనుకుంటే కోసిన పూలకంటే కుండీ మొక్క మేలు, పండగ తర్వాత కూడా పెరుగుతుంది. తెల్ల లిల్లీలే కావాలంటే గురువారమో శుక్రవారమో మొగ్గలుగా కొనండి, విందు నాటికి విచ్చుకుంటాయి. ఇంట్లో పిల్లి ఉంటే లిల్లీ వద్దే వద్దు. దాని పుప్పొడి కూడా పిల్లి కిడ్నీలకు విషం. కొవ్వొత్తులు గాజు సీసాల్లోనే, కాగితానికి, కొమ్మకి దూరంగా పెట్టండి.

సోమవారం పొద్దున్నే అన్నీ విప్పేయకండి. చర్చి లెక్క ప్రకారం ఈస్టర్ కాలం పెంతెకొస్తు దాకా 50 రోజులు, ఈసారి మే 16 వరకు. పెట్టిన ఖర్చును ఒక్క మధ్యాహ్నంతో కాకుండా ఆ 50 రోజులతో భాగిస్తే ఎంతవుతుందో మీవారికి చూపించండి. పూలు పోయినా గుడ్ల కొమ్మ, తెల్ల గుడ్డ, లైట్లు ఉంటాయి కదా. పండగ అయిపోయాక దుకాణాల్లో ఈస్టర్ సామాను ధర తగ్గిస్తారు. కవర్లో ఇంకా మిగిలి ఉంటే, వచ్చే ఏడాదికి నిజంగా కావాల్సింది ఒకటి కొనుక్కోండి. మిగల్లేదంటే అటు వెళ్ళొద్దు.

తర్వాత అన్నీ పెట్టెలో సర్దేటప్పుడు ఏం కొన్నారు, ఎంతయింది, ఏది వాడకుండా మిగిలింది అని ఒక కాగితం మీద రాసి పైన పెట్టండి. 2028లో ఈస్టర్ ఏప్రిల్ 16న. అంటే 52 కాదు, 55 వారాలు మీ చేతిలో ఉన్నాయి. కార్డు బాకీ తీరేదాకా ప్రతి ఆదివారం మిగిలిందంతా కార్డుకే కట్టండి. అది తీరిన వారం నుంచి కొత్త కవరు మొదలుపెట్టి, ఆ కాగితం మీదున్న మొత్తాన్ని మిగిలిన వారాలతో భాగించి వేసుకుంటూ పోండి.