అమ్మాయి కొండలెక్కుతానంటే చీటీ పాడాలా?

ప్రశ్న: మాది గాజువాక. అచ్యుతాపురంలో ఉద్యోగం, చేతికి 48,000 వస్తుంది. ఇంటి రుణం కిస్తీ 16,000, ఇంటి ఖర్చు 20,000, లక్ష రూపాయల చీటీకి నెలకు 5,000 పోతాయి. చీటీ ఇంకా 12 నెలలుంది. పాట 18,000 దాకా వెళ్తోంది. బ్యాంకులో 90,000 ఎఫ్‌డీ ఉంది. మా అమ్మాయి ఈ మధ్యే డిగ్రీలో చేరింది. పర్వతారోహణ, స్కూబా నేర్చుకుని ఆ రంగంలోనే పనిచేస్తానంటోంది. ఒక ప్రైవేటు సంస్థ ఏడాది డిప్లొమాకు 1,80,000 అడుగుతోంది, మొత్తం ముందే కడితే రాయితీ ఇస్తారట. చీటీ పాడి, మిగతాది బంగారం మీద తేవచ్చా?

జవాబు: చీటీ పాడొద్దు, బంగారం కుదువ పెట్టొద్దు. అమ్మాయిని మాత్రం నేర్చుకోనివ్వండి. దానికి ఇంతకంటే చవకైన దారి, ఇంతకంటే విలువైన సర్టిఫికెట్ రెండూ ఉన్నాయి.

ఇప్పుడు చీటీ పాడితే చేతికొచ్చేది 82,000. ఆ వదులుకునే 18,000తో అమ్మాయి ఒకసారి హిమాలయాల్లో ట్రెక్ చేసి రావచ్చు. ఇక ఆ 1,80,000లో 18 శాతం జీఎస్టీ కలిసి ఉందా అని అడగండి. లేకపోతే మరో 32,400 పైన పడుతుంది.

అసలు ఈ విద్య మెట్లు మెట్లుగా వచ్చేది. ఉత్తరకాశీలోని నెహ్రూ పర్వతారోహణ సంస్థ, డార్జిలింగ్‌లో 1954 నుంచి ఉన్న హిమాలయన్ మౌంటెనీరింగ్ ఇన్‌స్టిట్యూట్, మనాలీలోని అటల్ బిహారీ వాజ్‌పేయి సంస్థ... వీటిలో బేసిక్ కోర్సు దాదాపు నాలుగు వారాలు. ఆ కోర్సులో ‘ఎ’ గ్రేడు వస్తేనే అడ్వాన్స్‌డ్ కోర్సుకు అర్హత. ‘బి’ వస్తే కోర్సు పూర్తయినట్టే గానీ పైమెట్టు ఎక్కనివ్వరు. మొదటి మెట్టు ఫలితం తెలియకుండా మూడో మెట్టుకు డబ్బు కట్టించుకునే ప్యాకేజీ మీకు లాభం కాదు. రేపు ట్రెక్ లీడర్‌గా పని ఇచ్చేవాళ్లు ముందు అడిగేది ఈ సంస్థల గ్రేడునే.

డబ్బు లెక్క కంటే ముందు ఒక పని చేయండి. అమ్మాయి డిగ్రీలో ఇప్పుడే చేరింది కాబట్టి ఎన్‌సీసీకి ఇదే సమయం. అందులో పై మెట్టు అయిన ‘సి’ సర్టిఫికెట్‌కు మూడేళ్లు పడుతుంది, రెండో ఏడు చేరితే అది అందదు. ఎన్‌సీసీ తరఫున ఎంపికైన క్యాడెట్లను బేసిక్, అడ్వాన్స్‌డ్ కోర్సులకు ఉచితంగా పంపుతారు. సీట్లు తక్కువ, పోటీ ఎక్కువ. అందుకే దాని మీదే ఆశ పెట్టుకోకుండా పక్కన సొంత డబ్బూ కూడబెట్టాలి. ఈ వారమే కాలేజీలో ఎన్‌సీసీ చూసే అధ్యాపకుణ్ని కలవమనండి, భర్తీ త్వరగా అయిపోతుంది.

మీ ఖర్చులన్నీ పోగా నెలకు 7,000 మిగులుతోంది. అందులో 5,000తో బ్యాంకులో 10 నెలల ఆర్‌డీ (నెలనెలా కట్టే రికరింగ్ డిపాజిట్) కట్టండి. వడ్డీ 6.5 శాతం అనుకుంటే చివరికి సుమారు 51,500 వస్తుంది. మొదటి ఏడాది వేసవిలో యూత్ హాస్టల్స్ అసోసియేషన్ నడిపే హిమాలయ ట్రెక్కు పంపండి. ప్రయాణంతో కలిపి 18,000 చాలు. సముద్రమట్టం దగ్గర పెరిగిన పిల్లకు చలి, ఎత్తు పడతాయో లేదో అక్కడే తేలిపోతుంది. పడకపోతే మీకు పోయేది ఆ 18,000 మాత్రమే. పడితే మిగిలిన 33,500తో తర్వాతి వేసవికి బేసిక్ కోర్సు సీటు బుక్ చేయండి. ఈ సీట్లు నెలల ముందే నిండిపోతాయి. రుసుము ఆ ఏటి ప్రాస్పెక్టస్‌లో చూడండి, బడ్జెట్‌లో 30,000 వేసుకోండి. రెండో ఏడాది ఆర్‌డీలోంచి రైలు, బస్సు, దారిఖర్చులకు 8,000, బూట్లు బట్టలకు 10,000, వైద్య పరీక్షలకు 2,000 తీయండి. మిగిలింది అడ్వాన్స్‌డ్ కోర్సుకు.

కోర్సు తేదీ వేసవి సెలవుల్లోనే పడాలి. 28 రోజుల కోర్సుకు విశాఖ నుంచి రానుపోను ఆరు రోజులు కలిపితే 34 రోజులు. ఆదివారాలు తీసేస్తే 29 పనిరోజులు. 90 పనిరోజుల సెమిస్టర్‌లో 75 శాతం హాజరు కావాలంటే మానదగ్గవి 22 రోజులే. సెమిస్టర్ మధ్యలో వెళ్తే డిటెన్షన్, దానితో మరో ఏడాది ఫీజు. డిగ్రీ మాత్రం వదలొద్దు. హిమాలయాల్లో ట్రెక్కింగ్ పని ఎక్కువగా ఏప్రిల్ నుంచి జూన్ వరకు, సెప్టెంబర్ నుంచి నవంబర్ వరకే. మిగతా నెలల్లో జీతం వేరేచోట వెతుక్కోవాలి.

స్కూబా సంగతి. రుషికొండలో గంటసేపు నీళ్లలో దించి వీడియో ఇచ్చేది సరదాకే, అది అర్హత కాదు. స్కూబాలో మొదటి మెట్టు అయిన ఓపెన్ వాటర్ సర్టిఫికెట్ ఉంటే 18 మీటర్ల లోతు వరకు దిగవచ్చు. దానికి ముందు 200 మీటర్లు ఈదాలి, 10 నిమిషాలు తేలాలి. ఈత రాకుండా డబ్బు కట్టి పరీక్షలో ఆగిపోయేవాళ్లున్నారు. కాబట్టి ఈ ఏడాది ఈత కొలను చందా మాత్రమే కట్టండి. డైవింగ్‌లో ఉద్యోగానికి డైవ్‌మాస్టర్ అనే వృత్తి స్థాయి సర్టిఫికెట్ కావాలి, అది పూర్తయ్యేసరికి 60 డైవ్‌లు లాగ్‌బుక్‌లో ఉండాలి. ఆ ఖర్చు డిగ్రీ అయ్యాక, తన సంపాదనతో పెట్టుకోవాల్సింది.

ఒంటి తయారీకి విశాఖలో పైసా అక్కర్లేదు. వారానికి రెండుసార్లు కొండ కింద మెట్లు మొదలయ్యే తొలిపావంచా నుంచి సింహాచలం మెట్లు, నెమ్మదిగా వీపున బరువు పెంచుకుంటూ 10 కిలోల దాకా. ఆషాఢ పౌర్ణమికి 32 కిలోమీటర్ల గిరి ప్రదక్షిణ మంచి పరీక్ష. బూట్లు రెండు నెలల ముందే కొని వాటితోనే నడవాలి. కొత్త బూట్లతో వెళ్తే మూడో రోజుకే మడమలు బొబ్బలెక్కి, కోర్సులో ‘ఎ’ గ్రేడు చేజారే ప్రమాదం ఉంది. దిగేటప్పుడు వేళ్లు ముందుకు తన్నుకుంటాయి కాబట్టి అర సైజు పెద్దవి తీసుకోండి.

బీమా దగ్గర జాగ్రత్త. ఆరోగ్య బీమా ప్రామాణిక మినహాయింపుల్లో సాహస క్రీడల నిబంధన ఉంది. అది వృత్తిగా పాల్గొనేవారికి వర్తిస్తుంది. విద్యార్థిగా నేర్చుకునేటప్పుడు దెబ్బ తగిలితే ఒక మాట, డబ్బు తీసుకుని ఇతరులను నడిపించేటప్పుడు తగిలితే మరో మాట. వ్యక్తిగత ప్రమాద బీమాల్లో చాలావాటికి ఈ తేడా కూడా ఉండదు, సాహస క్రీడలు మొత్తంగా బయటే. మీ కంపెనీ గ్రూప్ పాలసీలో అమ్మాయి పేరు ఉందో చూసి, ‘జీతం లేకుండా, శిక్షణ కోసం పర్వతారోహణ చేస్తే చికిత్స ఖర్చు ఇస్తారా?’ అని బీమా సంస్థకు మెయిల్ పెట్టి రాతపూర్వక జవాబు తెప్పించుకోండి. మిగిలిన 2,000లో నెలకు 1,000 బీమా కోసం ఉంచండి. ఎఫ్‌డీ ముట్టుకోవద్దు, మీ నెల ఖర్చు 41,000 కాబట్టి అది రెండు నెలలకు కాస్త పైమాటే. చీటీ చివరికి వచ్చాక ఆ డబ్బూ దానిలోకే వెళ్లాలి.

తాడు, కారబినర్లు (తాడు తగిలించే లోహపు కొక్కేలు), ఐస్ యాక్స్ (మంచు గొడ్డలి) ఇప్పుడు కొనొద్దు. కోర్సులో వాళ్లే ఇస్తారు. తర్వాత కొన్నా, మన ఉప్పుగాలికి లోహం పాడవుతుంది కాబట్టి సముద్రం పక్కన వాడిన ప్రతిసారీ మంచినీళ్లతో కడిగి నీడలో ఆరబెట్టాలి. ఎవరైనా వాడిన తాడు ఉచితంగా ఇస్తామన్నా తీసుకోవద్దు. ఎన్ని కుదుపులు తిన్నదో పైకి కనిపించదు.