లేబర్ రూమ్‌లో కసిరారు, ఓపీలో అవమానించారు... ఎవరికి చెప్పుకోవాలి?

గైనకాలజిస్టు దగ్గర మందు దొరికింది కానీ మంచి మాట దొరకలేదని ఈమధ్య మన జిల్లాల నుంచి చాలా ఉత్తరాలు వస్తున్నాయి. ఈసారి పేజీ మొత్తం వాటికే ఇచ్చాను. కొందరు ఆసుపత్రుల పేర్లు, డాక్టర్ల పేర్లు కూడా రాశారు, అవి తీసేశాను. మరీ పొడవున్న చోట కుదించాను, మాటలు మాత్రం వాళ్లవే.

అక్కా, మాది జడ్చర్ల దగ్గర ఊరు. మొదటి కాన్పప్పుడు నొప్పులకు తట్టుకోలేక అరుస్తుంటే డాక్టరమ్మ తొడ మీద కొట్టి "అప్పుడు మంచిగనే ఉండెనా, ఇప్పుడు నొప్పి అంటున్నవ్" అన్నది. సిస్టర్లు నవ్విన్రు. ఎవరెవరో వచ్చి చెయ్యి పెట్టి చూసి పోయిన్రు, ఎందుకో ఒక్కరూ చెప్పలేదు. మా అమ్మను లోపలికి రానియ్యలేదు. బాబు మంచిగనే పుట్టిండు కదా, ఇంక మర్చిపో అంటరు ఇంట్లో. ఇప్పుడు నాకు మళ్లీ ఏడో నెల. ఆ గది గుర్తొస్తే రాత్రిళ్లు నిద్ర పట్టదు. నొప్పుల దాకా ఆగకుండా ముందే పెద్దాపరేషన్ చేయించుకుంటానంటే మా ఆయన పైసలెక్కడివి అంటున్నడు. ఏం చేయమంటరు?
— ఒక తల్లి, మహబూబ్‌నగర్ జిల్లా

చెల్లీ, బాబు క్షేమంగా పుట్టాడన్నది సంతోషమే, దాంతో నిన్ను కొట్టిన దెబ్బ, అన్న మాట చెల్లిపోవు. నువ్వు మర్చిపోలేకపోవడం నీ బలహీనత కూడా కాదు. ఆ ఒక్క మాట, "అప్పుడు లేని నొప్పి ఇప్పుడెందుకు" అన్నది, ఇంచుమించు అవే అక్షరాలతో గద్వాల నుంచీ హుజూర్‌నగర్ నుంచీ కూడా నాకు ఉత్తరాల్లో వచ్చింది. నొప్పుల్లో పడి ఉన్న ఆడమనిషిని, తిరిగి ఒక్క మాట అనలేని స్థితిలో ఉన్నప్పుడు, అంత మాట అనడానికి నోరెలా వస్తుందో నాకు ఎప్పటికీ అర్థం కాదు.

ఇది మన ఒక్కరి ఫిర్యాదు కాదు. ప్రసవ సమయంలో కొట్టడం, తిట్టడం, చెప్పకుండా అడగకుండా పరీక్షలు చేయడం స్త్రీ హక్కులను కాలరాయడమేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2014లోనే ప్రకటన చేసింది. మన దేశంలో 2017 డిసెంబరులో ప్రభుత్వ ఆసుపత్రుల లేబర్ రూమ్‌ల కోసం 'లక్ష్య' అనే కార్యక్రమం మొదలైంది. తల్లిని గౌరవంగా చూడడం, తెర కట్టడం, తోడును ఉండనివ్వడం కూడా అందులో భాగాలే. అంతకంటే ముందే, 2016లో, కాన్పు అయ్యేదాకా పక్కన ఒక ఆడతోడును అనుమతించాలని కేంద్ర ఆరోగ్య శాఖ ప్రభుత్వ ఆసుపత్రులకు చెప్పింది. ఆ తోడు కాన్పు అనుభవం ఉన్న మనిషి అయి ఉండాలి, శుభ్రమైన బట్టలతో రావాలి, అంటురోగాలు ఉండకూడదు, వైద్యంలో తలదూర్చకూడదు, అంతే. మీ అమ్మ దీనికి నూటికి నూరుపాళ్లు సరిపోతుంది.

తోడు ఉంటే ఏమొస్తుంది అని అడిగేవాళ్లకు కూడా జవాబుంది. వైద్య పరిశోధనలను కలిపి బేరీజు వేసే కాక్రేన్ అనే సంస్థ 2017లో 26 అధ్యయనాలను, 15 వేలకు పైగా స్త్రీల వివరాలను కలిపి చూస్తే, పక్కన విడవకుండా ఒక మనిషి ఉన్నవాళ్లకు నొప్పుల సమయం కొంత తగ్గింది, మామూలు కాన్పులు పెరిగాయి, ఆపరేషన్లు తగ్గాయి. భయపడితే ఒంట్లో నొప్పులను నడిపించే హార్మోన్ పని మందగిస్తుంది, అందుకే అరిచి భయపెట్టే లేబర్ రూమ్‌లో కాన్పు ఇంకా కష్టమవుతుంది.

కాబట్టి ఈ రెండు నెలల్లో చేయాల్సింది చెబుతాను. మీ ఊరి ఆశా వర్కర్‌ను, ఏఎన్ఎంను కూర్చోబెట్టి మొదటి కాన్పులో ఏమైందో మొత్తం చెప్పు, సిగ్గుపడకు. నువ్వు పోగలిగిన రెండు మూడు ఆసుపత్రుల్లో ఎక్కడ తోడును రానిస్తున్నారో, ఎక్కడ మిడ్‌వైఫ్‌లు (కాన్పులు చేయడంలో ప్రత్యేక శిక్షణ పొందిన నర్సులు) ఉన్నారో ఈ మధ్యే కాన్పైన ఆడవాళ్లను అడిగి కనుక్కోమను. మన రాష్ట్రంలో 2017 నుంచి నర్సులకు మిడ్‌వైఫరీలో ప్రత్యేక శిక్షణ ఇస్తున్నారు, వాళ్లున్న చోట పద్ధతి వేరుగా ఉంటుంది. ఆసుపత్రి ఏదో ఖాయం చేసుకున్నాక తొమ్మిదో నెల చెకప్‌కు మీ అమ్మను వెంట తీసుకుపోయి డాక్టరుతో నేరుగా చెప్పు: "మేడమ్, పోయినసారి నాకు చాలా భయమైంది, ఈసారి మా అమ్మ నా పక్కన ఉంటుంది, లోపల పరీక్ష చేసే ముందు నాకు చెప్పండి." నొప్పులు బాగా అందుకున్నాక అన్నీ సవ్యంగా ఉంటే నాలుగు గంటలకోసారి లోపల పరీక్ష చాలు. ఏదైనా తేడా ఉంటే మధ్యలోనూ చేస్తారు, కానీ ఎందుకో చెప్పాలి. చేసేవాళ్లు ఎవరని అడగొచ్చు. నేర్చుకునే విద్యార్థులైతే వద్దని చెప్పొచ్చు.

పెద్దాపరేషన్ సంగతి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 60.7 కాన్పులు ఆపరేషన్లే, దేశంలో మనమే ముందున్నాం. ప్రైవేటులో అయితే 81.5. ముహూర్తాలు, డబ్బు, తొందర అని రకరకాల కారణాలు చెబుతారు, లేబర్ రూమ్ భయం కూడా అందులో ఉందని నేను గట్టిగా నమ్ముతాను. నీకు వైద్యపరంగా అవసరమైతే వెనకాడొద్దు. భయం ఒక్కటే కారణమైతే ఆ భయాన్ని డాక్టరుకు చెప్పి, తోడు సంగతి తేల్చుకుని, ఆ తర్వాతే నిర్ణయం తీసుకో. మీ ఆయనకు ఈ పేజీ చదివి వినిపించు. లోపల ఏం జరిగిందో ఆయనకు నిజంగా తెలుసా అన్నది నా అనుమానం.

నాకు ఇరవై ఆరేళ్లు. రెండున్నర నెలల గర్భం. స్కానింగ్ చూస్తూ డాక్టరు ఫోన్‌లో మాట్లాడుతూనే "హార్ట్‌బీట్ లేదు, క్లీన్ చేయించుకో" అని రిపోర్టు చేతికిచ్చి తర్వాతి పేషెంట్‌ను పిలిచింది. ఏడుస్తుంటే "పత్తి ఏరబోయినవా? బరువులు మోసినవా? నువ్వే పోగొట్టుకున్నవ్" అన్నది. ఆ మాట మా అత్తమ్మ విన్నది. ఇప్పుడు ఇంట్లో రోజూ అదే మాట. మళ్లీ ఆ డాక్టరు దగ్గరికి పోవాలంటే కాళ్లు ఆడట్లేదు, కానీ మా టౌన్‌లో పేరున్నది ఆమే.
— దేవరకొండ దగ్గరి పాఠకురాలు

తల్లీ, నువ్వు పోగొట్టుకోలేదు. ఈ వాక్యం మీ అత్తమ్మకు వినిపించేలా గట్టిగా చదువు.

తెలిసిన గర్భాల్లో నూటికి పది పదిహేను మొదటి నెలల్లోనే పోతాయి. వాటిలో ఇంచుమించు సగం, ఇంకా ఎక్కువే కావచ్చు, పిండంలోని క్రోమోజోముల (జన్యువులు ఉండే పోగుల) లోపం వల్ల. అది గర్భం నిలిచిన రోజే ఖాయమైపోతుంది, ఆ తర్వాత నువ్వు మంచం దిగకుండా ఉన్నా ఆగేది కాదు. పత్తి ఏరడం, బస్సులో పోవడం, బిందె ఎత్తడం లాంటి రోజువారీ పనుల వల్ల కడుపు పోతే మన దిక్కు సగం మంది పుట్టేవాళ్లే కాదు. ఈ సంగతి ఆ డాక్టరుకు తెలియకుండా ఉండదు. తెలిసీ ఆ మాట అన్నదంటే, నీ ముఖం వైపు చూడకుండానే నోటికొచ్చింది అనేసిందన్నమాట. ఆమెకు అరనిమిషం మాట, నీకు ఎన్నాళ్ల గోసో.

ఆమె నీకు చెప్పాల్సినవి కొన్ని ఉన్నాయి, అవి నేను చెబుతాను. అనుమానం ఉంటే వారం పది రోజులు ఆగి ఇంకోసారి స్కానింగ్ చేయించుకునే హక్కు నీకుంది. పిండం చాలా చిన్నదిగా ఉన్నప్పుడు మొదటి స్కానింగ్‌తోనే తేల్చకూడదు కూడా. తేలిన తర్వాత క్లీనింగ్ ఒక్కటే దారి కాదు, కొన్నాళ్లు ఆగి చూడొచ్చు, మాత్రలతో కూడా అవుతుంది. ఏది నీకు సరిపోతుందో నీతో మాట్లాడి తేల్చాలి. నీ బ్లడ్ గ్రూప్ నెగెటివ్ అయితే, తర్వాతి గర్భానికి ఇబ్బంది రాకుండా ఇచ్చే యాంటీ-డి ఇంజెక్షన్ అవసరమా అని తప్పకుండా అడుగు. నువ్వు రాసేనాటికి క్లీనింగ్ అయిందో లేదో తెలియడం లేదు, ఏదైనా సరే, గంటకు రెండు ప్యాడ్లు తడిసేంత రక్తం పోతున్నా, జ్వరం వచ్చినా, వాసనతో స్రావం అవుతున్నా ఒక్క పూట కూడా ఆగకుండా దగ్గర్లోని ఆసుపత్రికి పో.

డాక్టరును మార్చుకో. పేరున్న డాక్టరు అంటే చేతి పని బాగుంటుందని అర్థం కావచ్చు, కానీ నువ్వు నోరు విప్పడానికి భయపడే మనిషి దగ్గర వైద్యం సరిగా జరగదు. రేపు మళ్లీ గర్భం వచ్చి కొంచెం మరక కనిపిస్తే, తిడుతుందేమోనని చెప్పకుండా దాచుకుంటావు, నాకు అసలు భయం అదే. నల్గొండ దాకా పోవాల్సి వచ్చినా పో. బస్సు చార్జీలు, ఒక రోజు కూలి పోతాయి, తెలుసు.

డిగ్రీ చదువుతున్నాను, మిర్యాలగూడ. నెలసరి మూడు నెలలకోసారి వస్తుంది. డాక్టరు మా నాన్న ముందే "ఎవరితోనైనా తిరుగుతున్నావా" అని అడిగింది. తర్వాత "పెళ్లి చేయండి, అన్నీ సర్దుకుంటాయి" అని పంపేసింది. నాన్న వారం నుంచి నాతో మాట్లాడట్లేదు.

పెళ్లితో నెలసరి సర్దుకోదమ్మా. థైరాయిడ్, ప్రొలాక్టిన్ అనే హార్మోన్ పరీక్షలు, పీసీఓడీ (అండాశయాల్లో చిన్న చిన్న నీటితిత్తులు కనిపించే సమస్య) ఉందేమో చూడ్డం, బరువు, నిద్ర గురించి అడగడం, ఇవీ అక్కడ జరగాల్సినవి. గర్భం ఉందేమో తెలుసుకోవడం డాక్టరు పనే, అందులో తప్పు లేదు, కానీ ఆ ప్రశ్న నాన్నను బయట కూర్చోబెట్టి అడగాలి. ఈసారి అమ్మతోనో అక్కతోనో పో, లోపలికి మాత్రం కాసేపు ఒక్కదానివే పో. నాన్నతో మాట్లాడే బాధ్యత అమ్మకు అప్పజెప్పు, అది డాక్టరు అందరినీ అడిగే ప్రశ్న అని, నీ మీద అనుమానం కాదని చెప్పమను.

నేను గైనకాలజిస్టును. మీ పేజీలో అన్నీ మమ్మల్ని తిట్టే ఉత్తరాలే. ఒక్క పూట ఓపీలో ఎంతమందిని చూస్తామో, రాత్రి డ్యూటీ చేసి పొద్దున్నే ఆపరేషన్లకు ఎలా నిలబడతామో రాయరేం? ఏదైనా తేడా వస్తే మా మీదకే చెయ్యెత్తుతారు.
— పేరు రాయవద్దన్న డాక్టరు

రాస్తున్నాను మేడమ్. మీరు చెప్పిన ప్రతి మాటా నిజం. డాక్టరు మీద చెయ్యెత్తడం నేరం, దానికి 2008 నుంచి చట్టమే ఉంది, పాఠకులు గుర్తుపెట్టుకోవాలి. ఒక మనిషి ఇద్దరు ముగ్గురి పని చేస్తుంటే విసుగు వస్తుంది, పోస్టులు నింపాల్సిన సర్కారును అడగాలి. అయినా ఒకటి అడుగుతాను. "ఇప్పుడు చెయ్యి పెడుతున్నానమ్మా, కొంచెం నొప్పి ఉంటది" అనడానికి ఎంతసేపు పడుతుంది? మీ భారం ఆ పేషెంట్ మోపింది కాదు. మీలాగే అదే రద్దీలో నిలబడి చెయ్యి పట్టుకుని మాట్లాడే డాక్టర్ల గురించి కూడా నాకు ఉత్తరాలు వస్తాయి, వచ్చే సంచికలో అవి వేస్తాను.

నాకు 38 ఏళ్లు, ఇద్దరు పిల్లలు, నాగర్‌కర్నూల్ దగ్గర మా ఊరు. తెల్లబట్ట అవుతుందని పోతే ప్రైవేటు డాక్టరు గర్భసంచికి పుండు అయ్యింది, తీసెయ్యకపోతే క్యాన్సర్ అయితది అన్నది. వేరే మందులు లేవా అని అడిగితే "నువ్వు డాక్టర్‌వా, నేను డాక్టర్‌నా" అని గద్దించింది. మా ఆయనతో సంతకం పెట్టించుకుంటా అన్నది. వారంలో రమ్మన్నరు.

వారంలో పోవద్దు. తెల్లబట్టకు చాలాసార్లు మాత్రలతో తగ్గే ఇన్ఫెక్షన్ కారణం. గర్భసంచి ముఖద్వారం దగ్గర పుండు అని వీళ్లు చెప్పేది చాలామందిలో మామూలు మార్పే, దాంతోనే క్యాన్సర్ రాదు. అనుమానముంటే ముందు పాప్ స్మియర్ (ముఖద్వారం దగ్గరి కణాలు తీసి చూసే పరీక్ష), అవసరమైతే ముక్క తీసి బయాప్సీ. ఆ రిపోర్టులు లేకుండా గర్భసంచి తీయాలనే మాటే రాకూడదు. అండాశయాలు కూడా తీస్తారా అని అడుగు, ఈ వయసులో అవి తీసేస్తే ఒక్కసారిగా ముట్లుడిగిన స్థితి వస్తుంది, ఎముకలు గుల్లబారడం మొదలవుతుంది.

సంతకం మీ ఆయనది కాదు, నీది. 2008లో సుప్రీంకోర్టు సమీరా కోహ్లి కేసులో ఇదే తేల్చింది. పరీక్ష కోసం మత్తు ఇచ్చిన స్త్రీకి తల్లి అనుమతితో గర్భసంచి, అండాశయాలు తీసేశారు. అత్యవసరం కానప్పుడు ఆమె తెలివిలోకి వచ్చేదాకా ఆగి ఆమెనే అడగాల్సింది, తల్లి అనుమతి చెల్లదని కోర్టు చెప్పింది.

నీ కాగితాల నకళ్లు ఇవ్వమని రాతపూర్వకంగా అడుగు. వైద్య మండలి 2002 నియమాల ప్రకారం డాక్టరు 72 గంటల్లో ఇవ్వాలి. ఇవ్వకపోతే జిల్లా వైద్యాధికారికి, తెలంగాణ మెడికల్ కౌన్సిల్‌కు రాయి, సోమవారం కలెక్టరేట్ ప్రజావాణిలో కూడా అర్జీ పెట్టొచ్చు. డబ్బు కట్టి చేయించుకున్న వైద్యంలో నష్టం జరిగితే రెండేళ్లలోపు జిల్లా వినియోగదారుల కమిషన్‌కు పోవచ్చు. అవన్నీ తర్వాత. ఇప్పుడు ఆ చీటీలు పట్టుకుని ఏదైనా పెద్ద ప్రభుత్వ ఆసుపత్రిలో ఇంకో గైనకాలజిస్టుకు చూపించు. ఆపరేషన్ కోసం ఫోన్లు చేస్తే రెండో డాక్టరు మాట విన్నాక చెబుతామని మీ ఆయనతో చెప్పించు, అడ్వాన్స్ మాత్రం కట్టొద్దు.